ఆ పది నిమిషాల్లో ఆరు నావి

మాట మా ఇంటి వృత్తి

మా ముత్తాత లక్ష్మీనరసింగరావు గారు తెలంగాణలో ఒక సంస్థానానికి వకీలు. రాజుగారి తరఫున హైదరాబాదు దర్బారులో నిలబడి మాట్లాడేవారు. ఆయన ఉర్దూ మొదలుపెడితే పుట్టుకతో ఉర్దూ మాట్లాడేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారట. ఆయనకు పల్లకీ మర్యాద ఉండేది. మా తాత రాఘవరావు గారికి పదకొండు గ్రామాల తగవులు తీర్చే అధికారం ఉండేది. జాగీర్లు రద్దయ్యాక అధికారం పోయింది, తీర్పు చెప్పే గొంతు మాత్రం పోలేదు. చివరి రోజుల్లో పాలు పోసే మనిషితో కూడా అదే గొంతుతో మాట్లాడేవారు. మా నాన్న గోపాలరావు గారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయన పై అధికారి, ఒకప్పుడు మా ఇంట్లో చాకిరీ చేసిన మనిషి కొడుకు. నాన్న ఆయన్ని ముప్పై ఏళ్ళు "సార్" అని పిలిచారు. ఇంటికొచ్చి ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

సంస్థానం పేరు రాయను. ఆ పేరు చెప్పుకోవడానికి నేను ఇది రాయడం లేదు. ఇక్కడ జర్మనీలో, జీగెన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో దుబాసీ పని చేయాలనుకుంటున్నారు. నన్ను కలిసి ఆ పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. పరీక్షలు, ముద్రలు, ఇక్కడ టెర్మిన్‌లు అనే అపాయింట్‌మెంట్లు ఎలా తీసుకోవాలో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. నేను చేసిన తప్పు అక్కడ దొరకదు. అందుకని అది రాస్తున్నాను.

కోట్లు తీసుకునే పెద్దాయన

ఎనభైల మొదట్లో సోవియట్ స్కాలర్‌షిప్ మీద గనుల ఇంజనీరింగ్ చదవడానికి కజక్‌ల దేశంలోని అల్మా-అతాకు, ఇప్పటి అల్మాటీకి, వెళ్ళాను. రష్యన్ అందరం నేర్చుకున్నాం. కజక్ నేనొక్కణ్ణే నేర్చుకున్నాను. దానికి కారణం జుమబెక్ అనే పెద్దాయన. మా కాలేజీ గుమ్మం దగ్గర చలికోట్లు తీసుకుని ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవాడు. జీతానికి అది ఆయన పని. అసలు ఆయన షెషెన్. అంటే వక్త అనుకోండి. కానీ మనం సభల్లో చూసే వక్త కాదు.

ఆ గడ్డిమైదానాల మీద ఒకప్పుడు కోర్టు భవనం లేదు, జైలు లేదు. రెండు తెగలకు మేతభూమి మీద తగవొస్తే రెండు నోళ్ళు ఎదురెదురుగా కూర్చునేవి. ఒకరి మాటకు రెండోవారి దగ్గర జవాబు లేకపోతే తగవు తీరినట్టే. ఓడినవాడు మంద తోలుకుని వెళ్ళిపోయేవాడు. తీర్పు చెప్పే మనిషికి కిరీటం లేదు, సైన్యం లేదు, నోరు తప్ప ఏమీ లేదు. పెళ్ళిలో మాట, చావులో మాట, మందను కొత్త మేతకు తోలేముందు మాట, ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండేది. మా కాలేజీ మీటింగుల్లో నాయకులు కాగితం చూసి చదువుతుంటే జుమబెక్ నా చెవిలో అనేవాడు: "చూశావా, మాట్లాడేది కాగితం. మనిషి దాన్ని మోస్తున్నాడంతే."

నాకు అక్కడ మా ముత్తాత కనిపించాడు. మా ఇంట్లో చెల్లకుండా పోయిన సరుకు ఆ దేశంలో ఇంకా చెల్లుతోంది. అందుకే అంత కసిగా నేర్చుకున్నాను.

ఒక శీతాకాలం మా కాలేజీలో గదులు ఊడ్చే ఆవిడ కొడుకు సైన్యంలో చనిపోయాడు. ఆ కబురు చెప్పడానికి జుమబెక్ నన్ను కూడా తీసుకెళ్ళాడు. మొత్తం ముగ్గురు పెద్దలు, వాళ్ళ వెనక నేను. చావు కబురు ఒకేసారి చెప్పకూడదు. చుట్టూ తిప్పి, పోలిక మీద పోలిక పెట్టి, వినేవాళ్ళే ఆ మాట దాకా నడిచొచ్చేలా చెప్పాలి. దాన్ని ఎస్తిర్తు అంటారు, వినిపించడం అని. జుమబెక్ వాళ్ళ వైపు అది రెండు రోజుల పని. మొదటి రోజు టీ తాగి, డేగల గురించి, మంచు గురించి మాట్లాడి లేచొచ్చేశాం. ఆవిడ గుమ్మం దాకా వచ్చి "రేపు వస్తారా?" అని మాత్రం అడిగింది. రెండో రోజు చెప్పాం. ఆవిడ పడిపోలేదు. ఒక రాత్రంతా ఆవిడకు దొరికింది కదా.

అంత గొప్ప పని నేను అంతకు ముందు చూడలేదు. అదే పని దాదాపు నలభై ఏళ్ళ తర్వాత నా చేతిలో ఎలా తయారైందో ఇక్కడ చెప్పాలి.

సంతకం

సోవియట్ దేశం పోయాక జర్మనీ వచ్చాను. జీగెన్‌లో ఒక లోహపు ఫ్యాక్టరీలో చేరాను. అది మూతపడ్డాక దుబాసీనయ్యాను. నాకు పని ఇచ్చే సంస్థ నడిపిన ఆవిణ్ణి ఇక్కడ ఫ్రావు క్రామర్, అంటే క్రామర్ గారు, అంటాను. పొట్టి మనిషి, నవ్వు తక్కువ. మొదటి రోజే నా ముందు ఒక నీళ్ళ గ్లాసు పెట్టింది.

"మీరు ఈ గాజు. నీళ్ళు ఎవరివో వాళ్ళవి. గాజు రంగు నీళ్ళకి అంటకూడదు" అంది.

నాకు నచ్చలేదు. మా ఇంట్లో ఎవరూ గాజుగ్లాసుగా బతకలేదు.

కొన్నేళ్ళ తర్వాత సెరిక్‌బాయ్ కేసు వచ్చింది. ఆయన వంశంవాళ్ళు అల్తాయ్ కొండలు వదిలి, హిమాలయాలు దాటి, కశ్మీరు మీదుగా టర్కీ చేరిన కజక్‌లు. ఆయన కుర్రతనంలో టర్కీ నుంచి జీగెన్ వచ్చి ఇనుప రేకుల మిల్లులో రిటైరయ్యే దాకా పనిచేశాడు. వాళ్ళ కజక్‌లో రష్యన్ ఒక్క ముక్క లేదు. వింటుంటే జుమబెక్ తాత మాట్లాడుతున్నట్టుండేది. ఆయనకు గుండె ఆపరేషన్ చేయాలి, ఆయన సంతకం పెట్టనంటున్నాడు.

"నా గుండె నా పెళ్ళానికే తెరిచి చూపించలేదు. ఈ కుర్ర డాక్టరుకి చూపించాలా?" అన్నాడు.

పక్కనే ఉన్న భార్య కుల్యాష్ అంది: "చూపించకపోతే ఏం, అందులో ఏముందో నాకు తెలుసు. మాంసం, మొండితనం."

డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడాడు. నేను దాన్ని పావుగంట చేశాను. మంద ముందు నడిచే గుర్రానికి కాలిలో ముల్లు దిగితే ఏం చేస్తారని మొదలుపెట్టి, వాళ్ళ తాతలు మంచులో కొండలు దాటడం దాకా తీసుకెళ్ళాను. ఆయన కళ్ళు చెమర్చాయి. కలం అందుకున్నాడు. కుల్యాష్ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఎవరబ్బాయివి నువ్వు? ఈ టై మెడకి కట్టావా, గొంతుకి కట్టావా?" అంది. ఆరోజు నుంచి నన్ను "టై మరిది" అనే పిలిచింది. మరుదులకు పేరు పెట్టి పిలవకుండా ఎగతాళి పేర్లు పెట్టడం వాళ్ళలో వదినల హక్కు. నేను ఆమెను జెంగె అన్నాను, అంటే వదిన.

ఆపరేషన్ బాగా జరిగింది. ఫ్రావు క్రామర్ నన్ను పిలిచింది.

"డాక్టర్ ఎంతసేపు మాట్లాడాడు?"

"రెండు నిమిషాలు."

"మీరు?"

చెప్పాను.

"ఆయన మీకు సంతకం పెట్టాడు, డాక్టరుకు కాదు. ఈసారి బాగానే అయింది. బాగా అయిన తప్పు చాలా చెడ్డది, హెర్ రావ్. మళ్ళీ చేయాలనిపిస్తుంది."

మాట విలువ తెలియని మనిషి అనుకుని లేచొచ్చాను. మీకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే. ఆ రోజు ఆ గదిలో మాట విలువ తెలిసింది ఆవిడకే.

ట్యాబ్లెట్ తెర మీద

తర్వాత మహమ్మారి వచ్చింది. ఆసుపత్రుల్లోకి దుబాసీలను రానివ్వడం మానేశారు. నేను మా వంటగది బల్ల దగ్గర కూర్చుని, ట్యాబ్లెట్ నిలబెట్టుకుని పనిచేసేవాణ్ణి. అప్పుడు కూడా టై కట్టుకునేవాణ్ణి. మనిషి ఇంట్లో ఉన్నంత మాత్రాన జారిపోకూడదు.

కజక్‌ల మాటలన్నీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాయి. పెళ్ళిళ్ళ దీవెనలు, పాటల పోటీలు తెర మీదే. చావులైతే లెక్కలేదు. పరామర్శ మాటలు వాయిస్ మెసేజ్‌లుగా వచ్చేవి, ఒక్కోటి నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. కొలోన్‌లోని మనవలు వాటికి జర్మన్‌లో ఒక్క ముక్క టైప్ చేసి ఊరుకునేవారు. కుల్యాష్ ఒకరోజు ఫోన్ చేసి అంది: "మా కుటుంబం గ్రూపులో ఈ వారం అంతా ఏడుపే, టై మరిదీ. ఒకామె ఏడుపు మధ్యలో నెట్ పోయింది. మళ్ళీ మొదట్నుంచి ఏడవమన్నాం."

నవ్వాను. ఆ పదిరోజులకే సెరిక్‌బాయ్‌కి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. కొడుకు దౌలెత్ వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ పనిచేస్తాడు. అతనికీ జబ్బు తగిలి, తన ఫ్లాట్‌లో జ్వరంతో పడి ఉన్నాడు. కుల్యాష్ జీగెన్‌లో ఇంట్లో ఒంటరిగా ఉంది.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వీడియో కాల్ కలిపారు. ఒక గడిలో మొహానికి ఆక్సిజన్ మాస్కుతో సెరిక్‌బాయ్. ఒక గడిలో తలకు తెల్ల గుడ్డ చుట్టుకుని కుల్యాష్. ఒక గడిలో నేను. డాక్టర్ మనిషి కనబడలేదు, గొంతే వినబడింది. అలసిపోయిన ఆడగొంతు. ఆమె చెప్పింది నాలుగు వాక్యాలు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

"ఇంకాసేపట్లో ఆయన్ని నిద్రపుచ్చి ట్యూబ్ వేస్తాం. మళ్ళీ లేవకపోవచ్చు. మీకు పది నిమిషాలు ఇవ్వగలను. ఒకరితో ఒకరు చెప్పుకోవాల్సింది ఇప్పుడే చెప్పుకోండి."

ఈ నాలుగు వాక్యాలు కజక్‌లో చెప్పడానికి అర నిమిషం చాలు.

నేను చెప్పలేదు. డెబ్భై ఆరేళ్ళ పెద్దావిడకు, భర్త వింటుండగా, "లేవకపోవచ్చు" అని మొహం మీద చెప్పడం బండతనం అనిపించింది. నాకు పద్ధతి తెలుసు. జర్మనీ మొత్తంలో ఆ పద్ధతి తెలిసిన దుబాసీని నేనొక్కణ్ణే అని కూడా అనిపించింది. దాచను. తెల్ల డేగతో మొదలుపెట్టాను. మంచు కాలంలో డేగ కళ్ళకు తొడుగు వేసి చీకటి గుడారంలో కూర్చోబెడతారని, కొన్ని డేగలు వసంతంలో మళ్ళీ చేతి మీద వాలతాయని, కొన్ని పైనున్న చేతిని వెతుక్కుంటూ వెళతాయని చెప్పాను. బాగా వచ్చింది. అంత బాగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. మధ్యలో సెరిక్‌బాయ్ చెయ్యెత్తి మాస్కు కొంచెం పక్కకు లాగాడు. పెదాలు కదిలాయి. నేను అప్పుడు వాక్యం మధ్యలో ఉన్నాను. ఎవరిదో గ్లవ్ తొడిగిన చెయ్యి వచ్చి మాస్కు మళ్ళీ సర్దింది. నేను వాక్యం పూర్తి చేశాను.

తెర మీద గడియారం ఆరు నిమిషాలు దాటింది.

పద్ధతి ప్రకారం మాట్లాడితే పద్ధతి ప్రకారమే జవాబొస్తుంది. కుల్యాష్ రెండు అరచేతులూ తెరిచి ముందుగా డాక్టర్ తల్లిదండ్రులను దీవించింది. తర్వాత ఆసుపత్రి కప్పును, తర్వాత నన్ను. మూడు నిమిషాలు. అప్పుడు భర్త వైపు తిరిగి, "మందులు ఉమ్మేయకు, ముసలోడా. నర్సుల్ని తిట్టకు" అంది.

డాక్టర్ "ఇక సమయం లేదు" అంది. సెరిక్‌బాయ్ గడి నల్లగా అయిపోయింది.

కుల్యాష్ నన్ను అడిగింది: "మళ్ళీ రేపు ఎన్నింటికి కలుపుతావు, టై మరిదీ?"

అప్పుడు నాకు తెలిసింది. నేను చెప్పింది మొదటి రోజు మాట. మొదటి రోజు మాట విన్న మనిషి రెండో రోజు కోసం ఎదురు చూస్తుంది. ఆమెలో లోపం లేదు. నేను చెప్పింది చెప్పినట్టే విన్నది. రెండో రోజు లేదని తెలిసిన మనిషిని ఆ కాల్‌లో నేనొక్కణ్ణే.

డాక్టర్‌తో గబగబా అన్నాను: "ఆమెకు అర్థం కాలేదు. ఒక్క నిమిషం ఇప్పించండి."

"మీరు అంతసేపు చెప్పారు కదా?" అంది ఆమె. కోపం లేదు, ఆశ్చర్యం. "ఆయన్ని తీసుకెళ్ళిపోయారు."

కుల్యాష్ ఇంకా లైన్‌లోనే ఉంది. అప్పుడైనా నిజం చెప్పాలి. "డాక్టర్లు చెబుతారు, జెంగె" అని పెట్టేశాను. ఇది రెండో తప్పు. మొదటిది గర్వంతో చేశాను, ఇది పిరికితనంతో.

బాల్కనీ కింద

పదకొండో రోజు సెరిక్‌బాయ్ పోయాడు. దౌలెత్ ఫోన్ చేశాడు. పెద్దవాళ్ళను పిలిచినట్టు నన్ను అగా అంటాడు.

"అగా, అమ్మకి మీరే చెప్పాలి. నేను చెప్పకూడదు, పెద్దవాళ్ళు చెప్పాలి. కొలోన్ నుంచి ఎవర్నీ రానివ్వరు. మీరొక్కరే ఉన్నారు."

వెళ్ళాను. దౌలెత్ క్వారంటైన్ ముగించుకుని అప్పుడే కారులో వచ్చాడు. ఆమె ఉండేది మూడంతస్తుల అద్దె ఇళ్ళ వరుసలో మొదటి అంతస్తు. లోపలికి వెళ్ళలేం. ఇద్దరం మాస్కులు వేసుకుని కింద గడ్డి మీద నిలబడ్డాం. ఆమె బాల్కనీలోకి వచ్చింది. పక్క బాల్కనీలో ఒక జర్మన్ ముసలాయన కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు.

"ఇద్దరూ తలలు దించుకుని వచ్చారేం?" అంది.

నేను గొంతు సవరించుకుని, "జెంగె, ఆకాశంలో ఎగిరే తెల్ల డేగ..." అన్నాను.

"పిట్ట సంగతి వద్దు" అంది. "చెప్పు."

"సెరిక్‌బాయ్ అగా చనిపోయారు. ఈ ఉదయం."

రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుంది. తర్వాత అంది: "ఆరోజు ఇలాగే చెప్పి ఉండాల్సింది. ఇంతే పొడుగు."

"అవును."

"ఆరోజు ఆయన మాస్కు తీశాడు. నాకు వినబడలేదు, నీ గొంతే వినబడింది. నువ్వు లైన్‌లో ఉన్నావు. ఏమన్నాడు?"

దౌలెత్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. జర్మన్‌లో, చాలా చిన్నగా అన్నాడు: "ఏదో ఒకటి చెప్పండి అగా. ప్లీజ్. ఏదైనా సరే. మీకు వచ్చు కదా."

వచ్చు. అదే నేను మీకు చెప్పదలచుకున్న సంగతి. ఆ క్షణంలో మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి నా నోట్లో. మూడూ సెరిక్‌బాయ్ అనగలిగిన మాటలే. ఒకదాంట్లో ఆయన ఎగతాళి కూడా ఉంది. చెబితే ఆమె నమ్మేది, చచ్చేదాకా దాచుకునేది. మా ముత్తాత అయితే చెప్పేవాడేమో, తెలియదు.

"నాకు వినబడలేదు, జెంగె" అన్నాను. "నేను మాట్లాడుతున్నాను."

దౌలెత్ నా చెయ్యి వదిలేశాడు. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు.

పాటలో నా చోటు

కజక్‌లలో భర్త పోతే భార్య శోకం పాడుతుంది. అందులో వట్టి ఏడుపు మాత్రమే ఉండదు. ఆయన ఎవరు, ఎవరి మనవడు, ఎలా బతికాడు, ఎలా పోయాడు అన్నీ అప్పటికప్పుడు కట్టి పాడాలి. ఊరు వింటుంది. ఏడాది పొడుగునా అదే పాట. మగవాళ్ళ మాటకు ఎదురు మాట ఉంటుంది, ఈ పాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

కుల్యాష్ బాల్కనీలోనే మొదలుపెట్టింది. ఆ గొంతు ఆమెలో ఉందని నాకు తెలియదు. కొండలు దాటిన మామగారి నుంచి రేకుల మిల్లులో కాలిన వేళ్ళ దాకా పాడింది. పక్క బాల్కనీ ముసలాయన నీళ్ళ డబ్బా కింద పెట్టి, టోపీ తీసి, పాట అయ్యేదాకా నిలబడ్డాడు. ఒక్క ముక్క అర్థమై ఉండదు. చివరి చరణాల్లో ఇలా వచ్చింది. తెలుగులో నాకు చేతనైనంత సాదాగా ఇస్తున్నాను:

*పది నిమిషాలిచ్చారు నా వాడికి, నాకు.*
*టై కట్టినవాడు చక్కగా మాట్లాడాడు.*
*నా వాడు తన వంతు కోసం ఆగాడు,*
*ఆగుతూ ఆగుతూ వెళ్ళిపోయాడు.*

నేను కజక్ మాట మీద నలభై ఏళ్ళు బతికాను. అంతకంటే బిగువైన నాలుగు చరణాలు నేను వినలేదు. సాయంత్రానికల్లా ఆ పాట ఫోన్‌ల మీద కొలోన్, ఇస్తాంబుల్, అల్మాటీ చేరింది. ఆ వంశంలో నా పేరు ఎవరికీ తెలియదు, కానీ నేనెవరో అందరికీ తెలుసు.

ఫ్రావు క్రామర్‌కు జరిగిందంతా రాసి పంపాను. ఆమె ఫోన్ చేసింది. "ఎవరూ ఫిర్యాదు చేయలేదు" అంది. "నేనే చేస్తున్నాను" అన్నాను. "అయితే రేపటి కాల్ వేరేవాళ్ళకు ఇస్తాను. ఎల్లుండిది మీరే తీసుకోండి. మనుషులు లేరు" అంది. తీసుకున్నాను. తర్వాత ఏడాదిన్నర పనిచేశాను, రోజూ ఎవరో ఒకరికి చావు కబురు చెప్పాను. నాలుగు వాక్యాలకు నాలుగు వాక్యాలే. ఒకాయన నన్ను "రాతి మనిషివా?" అన్నాడు. జవాబు చెప్పలేదు. జవాబు చెప్పడం నా పని కాదు.

మీరు ఈ పనిలోకి వస్తే మీ భాష గొప్పతనం మీకు అడ్డం వస్తుంది. మన తెలుగులో కూడా పెద్దవాళ్ళతో "పోతారు" అనలేం, చుట్టూ తిరుగుతాం. ఇంట్లో తిరగండి. లైన్ మీద ఉన్నప్పుడు అవతలి మనిషి సమయం మీ నోట్లో ఉంటుంది. మింగకండి.

జరిమానా

సెరిక్‌బాయ్ పోయిన నూరో రోజున కుల్యాష్‌కి ఫోన్ చేశాను. పాతకాలంలో మాటతో తప్పు చేసినవాడు నష్టపోయినవాళ్ళకు ఒక గుర్రం, ఒక కోటు ఇవ్వాలి. దాన్ని అయిప్ అంటారు, జరిమానా. ఎంత పెద్ద వక్తకైనా తప్పదు.

"జెంగె, నాకు అయిప్ వెయ్యి" అన్నాను.

"నీకు గుర్రమెక్కడిది?"

"నువ్వు వెయ్యి."

అటువైపు గిన్నె కింద పెట్టిన శబ్దం వినబడింది.

"కోటు నాకొద్దు" అంది చివరికి. "నీ కోటు నేనేం చేసుకోను. ఏడాది విందు అల్మాటీ దగ్గర మా తమ్ముడి ఊళ్ళో పెడుతున్నారు. ఆ విందుకు కోసే గుర్రం ఖర్చు నీది. నీ పేరు విందులో చెప్పరు. పాటలో ఉన్నావు, అది చాలు."

"పాటలోంచి తీసేస్తావా?"

"తియ్యను" అంది. "అది జరిగింది కదా."

ఆమె చెప్పింది న్యాయం. అంతకు ముందు గానీ తర్వాత గానీ నాకు అంత సూటి తీర్పు ఎవరూ చెప్పలేదు. ఆ గుర్రం డబ్బు కోసం మా నేల అమ్మమని రాత్రికి మా పినతండ్రి కొడుక్కి రాశాను. ఊళ్ళో మా పేరున మిగిలింది రోడ్డు పక్క ఎకరం పది గుంటలు. దాన్ని కోళ్ళ ఫారం ఆయన కొన్నాడు.